కన్నవారి పాపమా, తాగిన నీరా?



కిందటి వేసవిలో మా సంఘంలోని ఒక కుటుంబంతో కలిసి మేము కొందరం పావగడ తాలూకాలోని వారి స్వగ్రామానికి వెళ్ళాము. పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదే గాని, మిగిలిన జిల్లాతో దానికి నేల కలవదు. చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్ర సరిహద్దే. కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు. వాన తక్కువ, శెనక్కాయ చేలు ఎక్కువ. తిరుమణి వైపు 2018 నుండి వేల ఎకరాలలో ఎండతో కరెంటు తీసే పలకలు పరచుకొని ఉన్నాయి. మంచినీళ్ళ కష్టం మాత్రం పాత కష్టమే.

మేము వెళ్ళిన ఇంటి యజమానికి యాభై దాటి ఎంతో కాలం కాలేదు. అయినా నడుము వంగిపోయింది, మెడ తిరగదు, కర్ర లేనిదే లేవలేరు. ప్రార్థన ముగిశాక ఆయన భార్య మా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నది:

"అయ్యా, మా పాపకు మూడు సంబంధాలు వచ్చి వెనక్కి పోయినాయి. వాళ్ళ నాయనను చూసి, ఇది వీళ్ళ రక్తంలోనే ఉంది, రేపు పిల్లలకూ వస్తుంది అంటాండారు. మేము ఏం పాపం చేసినామయ్యా?"

మాతో వచ్చినవారిలో ఒక యువకుడు బెంగుళూరులో ఆర్‌ఎన్‌ఏ చదివే ప్రయోగశాలలో పనిచేస్తాడు. అతడు, "అమ్మా, ఇది రక్తంలో వచ్చింది కాదు, బోరు నీళ్ళలో వచ్చింది" అన్నాడు. ఆమె ముఖం వికసించింది. "అయితే నాయనా, మీ మిషన్లో పాప రక్తం చూసి, మంచిదేనని ఒక చీటీ రాయించియ్యి. సంబంధం వాళ్ళకు చూపిస్తాం" అని చేతులు పట్టుకున్నది. అతనికి ఏమి చెప్పాలో తోచలేదు. మాకూ తోచలేదు.

ఇంకొక మాట దాచకూడదు. వెనక్కి పోయిన మూడు సంబంధాలలో రెండు మన సంఘాలవారివే.

పాత ప్రశ్న

ఆ తల్లి అడిగినది కొత్త ప్రశ్న కాదు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టుగుడ్డివానిని చూచిన శిష్యులు ఇదే అడిగారు. తప్పు ఇతనిదా, కన్నవారిదా అన్నారు. మూడవ జవాబు ఒకటి ఉండవచ్చునని వారికి తోచలేదు. ప్రభువు ఆ రెండు జవాబులనూ త్రోసిపుచ్చాడు. అంతటితో ఊరుకోక, బురద చేసి ఆ మనిషి కన్నులకు పూసి, కోనేటికి పంపాడు. కారణం వెదకుతున్నవారి నడుమ ఆయన పనిలోకి దిగాడు.

మన పెద్దలకూ ఈ ప్రశ్న బాగా తెలుసు. వారిని ఊరి బయట ఉంచినది వారి నడత కాదు, పుట్టుక. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనిలో మట్టి మోసి ప్రాణాలు నిలుపుకున్నవారు, క్లౌ దొరగారి కాలంలో ఒంగోలు ప్రాంతంలో వేలుగా ప్రభువు చెంతకు వచ్చారు. 1878 జూలై 3న ఒక్క రోజున గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఫలానా ఇంట పుట్టినవాడు గనుక వీడింతే అన్న మాటను వారు ఆ నీళ్ళలో విడిచి ఒడ్డుకు వచ్చారు. వారి సాక్ష్యానికి వారసులమైన మనం ఇప్పుడు పెండ్లి మాటలలో రక్తం సంగతి అడుగుతున్నాము. పూర్వం కులం పేరుతో అడిగేవారు, మనం జబ్బు పేరుతో అడుగుతున్నాము. పుట్టుక నిజంగా ఒక మనిషిపై తీర్పు చెప్పగలదా? ఈ సంగతిని కొంచెం నిదానంగా ఆలోచించవలసి ఉన్నది.

పుస్తకం ఒకటే, పాడే పాటలు వేరు

పావగడకు సుమారు 160 కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరులో ఈ రక్తపు లిపిని చదవడమే వృత్తిగా గల కంపెనీలు ఉన్నాయి. 1998లో మొదలైన జీనోటిపిక్ టెక్నాలజీ వాటిలో ఒకటి. 2000లో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు స్థాపించిన స్ట్రాండ్ మరొకటి. మన సంఘాల పిల్లలు ఇటువంటి చోట్ల ఉద్యోగాలు చేస్తున్నారు. వారు చేసే పని ఏమిటో తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు గనుక మాకు అర్థమైనంతలో చెబుతాము.

మన శరీరంలోని ప్రతి కణంలోనూ, కొద్ది రకాల కణాలు తప్ప, డిఎన్‌ఏ అనే ఒకే గ్రంథం ఉంటుంది. అందులో సుమారు 300 కోట్ల అక్షరాలు, మాంసకృత్తులను తయారుచేయించే జన్యువులు దాదాపు 20,000. కంటిలోనూ, కాలేయంలోనూ, ఎముకలోనూ గ్రంథం అదే. అయినా కన్ను చూస్తుంది, ఎముక మోస్తుంది. ఇది ఎలా సాధ్యం?

మన కీర్తనల పుస్తకాన్ని తలచుకోండి. అందరి చేతిలో ఉన్నది ఒకే పుస్తకం. అందులో క్రిస్మసు పాటలున్నవి, పెండ్లి పాటలున్నవి, భూస్థాపన పాటలున్నవి. కాని గుడి గోడమీది పలకపై ఆ ఆదివారం వేసే నంబర్లు నాలుగైదే. పెండ్లినాడు పాడేవి వేరు, సమాధి దగ్గర పాడేవి వేరు. కణం కూడా అంతే. గ్రంథమంతా దగ్గర ఉన్నా, ఆ చోటికి, ఆ వేళకు కావలసిన జన్యువులనే పలికిస్తుంది. పలికించవలసిన జన్యువును ఆర్‌ఎన్‌ఏ అనే చీటీమీద నకలు తీసుకుంటుంది. దీనినే జన్యు వ్యక్తీకరణ అంటారు.

ఆర్‌ఎన్‌ఏ చదివే కంపెనీ పని, గుడి బయట నిలబడి లోపల ఏ పాట ఎన్నిసార్లు పాడారో లెక్క వ్రాసుకోవడం వంటిది. రక్తం నుండో, కణితి ముక్క నుండో, ఆకు నుండో ఆర్‌ఎన్‌ఏను వేరుచేస్తారు. అది త్వరగా చెడిపోయే పదార్థం గనుక చాలాచోట్ల సున్నాకు దిగువ 80 డిగ్రీల చలిలో దాచిపెడతారు. దానిని తిరిగి డిఎన్‌ఏ రూపానికి మార్చి, చిన్న ముక్కలుగా యంత్రంలో చదివించి, కోట్ల ముక్కలను కంప్యూటరుతో లెక్కించి, ఏ జన్యువు గట్టిగా పలికింది, ఏది మూగబోయింది అని పట్టిక వేస్తారు. కరోనా కాలంలో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష కూడా ఆర్‌ఎన్‌ఏ వెదకే పరీక్షే. కాని అది వైరసు ఆర్‌ఎన్‌ఏ ఉన్నదా లేదా అని మాత్రమే చూసేది.

ఈ విద్య వలన మేలు జరుగుతున్నది. రొమ్ము క్యాన్సరు కణితిలో 21 జన్యువులు ఎంతగా పలుకుతున్నవో చూసే పరీక్ష ఒకటి ఉన్నది. పదివేలమందికి పైగా స్త్రీలపై జరిగి 2018లో ప్రకటితమైన అధ్యయనం ప్రకారం, ఒక తరహా తొలిదశ క్యాన్సరులో ఆ పరీక్ష మధ్యస్థంగా వచ్చిన స్త్రీలలో ఎక్కువమందికి కీమో మందుల బాధ అవసరం లేదు. ఇది దేవుడిచ్చిన జ్ఞానం అనడానికి మాకు సందేహం లేదు.

శెనక్కాయ చేను చెప్పే సాక్ష్యం

పావగడ రైతుకు మరింత దగ్గరి ఉదాహరణ ఉన్నది. పక్కనున్న అనంతపురం మెట్టలలో చాలాకాలం వేసిన రకం 1940లో విడుదలైన టిఎంవి 2. తర్వాత హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ ఐసిజివి 91114 అనే రకాన్ని ఇచ్చింది. త్వరగా కోతకు వస్తుంది, బెట్టకు ఓర్చుకుంటుంది. ఆ రకపు మొక్కనే తీసుకొని, అయిదు ఎదుగుదల దశలలో, 20 భాగాల నుండి ఆర్‌ఎన్‌ఏ చదివి, ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 2020లో ఒక పటం ప్రకటించారు. దాదాపు 48 కోట్ల జతల ముక్కలు చదివి, 81,901 నకళ్ళను గుర్తించారు. వేరులో ఏది పలుకుతుంది, ఆకులో ఏది, గింజలో నూనె చేరేటప్పుడు ఏది అన్నది అందులో ఉన్నది.

విత్తనం ఒక్కటే. అయినా ప్రతి భాగమూ తన చోటికి తగినట్లు ఆ గ్రంథాన్ని వేరుగా చదువుకుంటున్నది. ఊడ సంగతి రైతులకు చెప్పనక్కరలేదు. పూత రాలాక ఊడ నేలవైపు వంగి మట్టిలో దిగుతుంది. మట్టి చీకటి తగిలితేనే కాయ కడుతుంది. వాన లేక నేల బిగుసుకొని ఊడ దిగకపోతే, ఎంత మంచి విత్తనమైనా కాయ రాదు. అప్పుడు ఏ రైతూ విత్తనపు వంశాన్ని తిట్టడు, నేల తడవలేదంటాడు. శెనక్కాయకు చూపే ఈ న్యాయం మనిషికి ఎందుకు చూపము?

నీళ్ళలో ఉన్నది

ఆ ఇంటి యజమాని సంగతికి వస్తాము. పావగడ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని ప్రభుత్వానికీ, వైద్యులకూ చాలాకాలంగా తెలుసు. అది రాతి నేల. వానలు తగ్గి బోర్లు లోతుకు పోయేకొద్దీ, రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకు మించిన నీరు ఏళ్ళ తరబడి తాగితే మొదట పండ్లు గారపడతాయి, తర్వాత కీళ్ళు బిగుస్తాయి, చివరకు వెన్నెముక కర్రవలె అవుతుంది. నీళ్ళు కాచినందువలన ఫ్లోరైడు పోదు. ఇది మన పాఠకులు తప్పక గుర్తుంచుకోవాలి.

మన దేశంలో ఈ ఎముకల వ్యాధిని మొదటిసారిగా ఫ్లోరైడుకు ముడిపెట్టి వైద్యులు వ్రాసినది 1937లో. ఎక్కడివారిని గురించి? ఆనాటి నెల్లూరు జిల్లావారిని గురించి. పొదిలి, దర్శి, కనిగిరి ఫ్లోరైడు పీడిత ప్రాంతాలు, అవే మన మిషను స్థలాలు కూడా. అంటే మన తాతలలో ఎందరో వంగిన నడుములతోనే గుడికి వచ్చి ఉంటారు. ఎన్ని ఇండ్లను చూసి శాపమనీ, వంశదోషమనీ లోకం అన్నదో ప్రభువుకే తెలుసు. దోషం బావిలో ఉన్నది, నింద ఇంటిమీద పడింది.

ఫ్లోరైడు తగిలిన ఎముక కణాలలో ఏ జన్యువులు ఎక్కువ పలుకుతున్నవో, ఏవి తగ్గుతున్నవో పరిశోధకులు ఆర్‌ఎన్‌ఏ ద్వారా చూశారు. గ్రంథం మారలేదు, నీరు పాటల వరుసను మార్చింది. ఒకే బోరు నీళ్ళు తాగినవారందరికీ ఒకే తీవ్రత రాదన్నది కూడా నిజమే. తిండిలో తేడా, పనిలో తేడా, పుట్టుకతో వచ్చిన శరీరంలోనూ కొంత తేడా ఉంటుంది. కాని నీరు మంచిదైతే ఆ తేడాకు పని పడదు.

దోషం వేరు, నష్టం వేరు

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తండ్రుల బాధ పిల్లలను అసలు తాకదని చెప్పగలమా? చెప్పలేము. 1944-45 చలికాలంలో జర్మను సైన్యం ముట్టడిలో హాలెండు దేశపు పడమటి పట్టణాలు ఆకలితో అలమటించాయి. ఆ ఆకలి కాలంలో తల్లి కడుపున పడినవారిని 60 ఏళ్ళ తర్వాత పరీక్షించినప్పుడు, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువుపై ఉండవలసిన రసాయనపు గుర్తులు, ఆ కరువు చూడని వారి తోబుట్టువులలో కంటే తక్కువగా ఉన్నట్లు 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. జన్యువులోని అక్షరాలు మారలేదు. ఆకలి పుట మూలన మడత పెట్టినట్లు గుర్తు విడిచి పోయింది.

యిర్మీయా, యెహెజ్కేలు దినములలో పుల్లని ద్రాక్షలను గూర్చి ఒక సామెత ఉండేది. తండ్రుల పనికి పిల్లలు అనుభవిస్తున్నారని ఆ ప్రజలు సణుగుకునేవారు. ఆ మాట ఇక పలుకవద్దని దేవుడు యెహెజ్కేలు 18వ అధ్యాయంలో గట్టిగా చెప్పాడు. మరి హాలెండు సంగతి ఆ సామెతనే నిజం చేస్తున్నదా?

మేము ఇలా గ్రహించాము. దోషం వేరు, నష్టం వేరు. నష్టం తండ్రి నుండి బిడ్డకు రావచ్చును. అప్పులు వస్తాయి, ఎండిన భూమి వస్తుంది, చెడిన నీరు వస్తుంది, కొన్ని జబ్బులు కూడా వస్తాయి. దోషం మాత్రం రాదు, విలువ తగ్గదు. దేవుని యెదుట ప్రతివాడూ తన లెక్క తానే చెబుతాడు. లోకం చేసే తప్పు ఏమిటంటే, నష్టాన్ని చూసి దోషమని పేరు పెట్టడం. ఆ పేరు పెట్టగానే మన బాధ్యత తీరిపోతుంది. శాపమైతే మనమేమి చేయగలము? నష్టమైతే పూడ్చవలసి వస్తుంది. అందుకే శాపమనే మాట అందరికీ సుఖంగా ఉంటుంది.

అభ్యంతరాలు

నిజంగా వంశంలో వచ్చే జబ్బులు లేవా అని కొందరు అడుగుతారు. ఉన్నవి. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా అటువంటివి. తలసేమియా, సికిల్ సెల్ విషయంలో పైకి ఏ జబ్బూ లేని తల్లిదండ్రులు ఇద్దరూ ఆ గుర్తును మోస్తూ ఉంటే బిడ్డకు జబ్బు రావచ్చును. మన మేనరికాలలో ఇద్దరూ ఒకే గుర్తును మోసే అవకాశం పెరుగుతుంది. కాబట్టి పెండ్లికి ముందు వైద్యుని సలహా తీసుకోవడం తప్పు కాదు, ప్రేమే. కాని ఇద్దరూ కలిసి, రహస్యం కాపాడే వైద్యుని యొద్ద, ఒకరి మేలు ఒకరు కోరి చేయించుకునేది వేరు. ఆడపిల్లను ఒక్కదానినే నిలబెట్టి రక్తం చీటీ అడగడం వేరు.

రెండవ అభ్యంతరం ఇంకా లోతైనది. అంతా నేల వలన, నీటి వలన అంటే, తాగుబోతు తన తాగుడుకు ఊరిని నిందించడా? కోపిష్టి తన జన్యువును చూపించడా? మా ఉదాహరణ ఇక్కడ ఆగిపోతుందని ఒప్పుకోవాలి. కణానికి మనస్సాక్షి లేదు, శెనక్కాయకు మారుమనస్సు లేదు. మనిషికి రెండూ ఉన్నవి. పొరుగువాని విషయంలో అతని నేలను, నీటిని ముందు చూడాలి. మన విషయంలో మన చిత్తాన్ని ముందు చూసుకోవాలి. మనం సాధారణంగా దీనిని తిరగవేస్తాము. మన తప్పుకు పరిస్థితులను, పొరుగువాని కష్టానికి అతని పుట్టుకను కారణంగా చెబుతాము.

మూడవది, యంత్రం చెప్పినదంతా చివరి మాటేనా అన్నది. యంత్రం ఏ పాట ఎన్నిసార్లు పాడారో చెబుతుంది, హృదయంతో పాడారో లేదో చెప్పలేదు. ఆ నివేదికను మనుషులను వేరుచేయడానికి వాడితే అదొక కొత్త కులమవుతుంది. 2018లో ఢిల్లీ హైకోర్టు ముందు ఇటువంటి తగాదాయే వచ్చింది. గుండె జబ్బు జన్యువుల వలన వచ్చినదని చెప్పి భీమా కంపెనీ ఒక రోగికి డబ్బు నిరాకరించింది. ఆ మినహాయింపు వివక్ష అని న్యాయస్థానం తప్పుపట్టింది. అదే విద్య కులాల గోడలను గూర్చి కూడా ఒక సాక్ష్యం ఇచ్చింది. హైదరాబాదు సిసిఎంబి, అమెరికాలోని హార్వర్డు పరిశోధకులు 2013లో ప్రకటించిన ప్రకారం, సుమారు 1,900 ఏళ్ళ క్రితం వరకు మన దేశపు జనసమూహాలు విస్తారంగా కలిశాయి. వేరుగా ఉండడం తర్వాత వచ్చినది. గోడలు ఆదినుండి ఉన్నవి కావు.

ఆ చీటీ

ఆ తల్లి అడిగిన చీటీ ఇవ్వడం ఏ ప్రయోగశాలకూ తగిన పని కాదని మా యువకుడు తర్వాత చెప్పాడు. ఆర్‌ఎన్‌ఏ పట్టిక ఆ వేళకు ఆ కణాలలో ఏమి పలుకుతున్నదో చెబుతుంది గాని, ఒక అమ్మాయి మంచిదో కాదో చెప్పదు. పైగా ఈ రోజు ఒకరికి చీటీ ఇస్తే, రేపు చీటీ లేని ప్రతి పిల్లా అనుమానం పాలవుతుంది.

మరి మన చేతిలో ఏమున్నది? మొదటిది, నిజం చెప్పడం. ఫ్లోరోసిస్ వంశపు జబ్బు కాదని సంఘకాపరులు పెండ్లి మాటలు జరిగే ఇండ్లలో, వేదికమీద కూడా స్పష్టంగా చెప్పవచ్చును. రెండవది, నీరు. స్వగ్రామాలకు కానుకలు పంపే మన సంఘాలు గుడి గోపురానికి ముందు ఊరి బోరు నీళ్ళను పరీక్ష చేయించవచ్చును. పటికతో, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే ఉన్నది. శుద్ధి యంత్రాలు పావగడ పల్లెలలోనూ ఉన్నవి. వాటిని పాడుకాకుండా నడిపేవారే కావాలి. మూడవది, ప్రయోగశాలలలో పనిచేసే మన పిల్లలకు ఒక మాట. మీ చేతికి వచ్చే గొట్టంమీద నంబరే ఉంటుంది, దాని వెనుక ఒక ఇల్లు ఉంటుంది. రక్తం ఇచ్చినవారికి అది దేనికో వారి భాషలో తెలియజేశారా, వారి సంగతి వారి అనుమతి లేక బయటకు పోవడం లేదా అని అడగడం మీ భక్తిలో భాగమే.

నాలుగవది అన్నింటికంటె కష్టమైనది. వెనక్కి పోయిన ఆ రెండు కుటుంబాలు ఈ పత్రిక చదువుతాయి. వారిని నిందించడానికి మేము వ్రాయలేదు. వారు భయపడ్డారు, వారి స్థానంలో ఉంటే మేమూ భయపడి ఉండేవారమేమో. కాని బాప్తిస్మపు నీళ్ళలో మన పెద్దలు విడిచి వచ్చిన మాటను మనం మళ్ళీ పెదవులమీదికి తెచ్చుకున్నాము. దానిని వెనక్కి తీసుకోవడానికి ఇంకా సమయం ఉన్నది.

ఆ తల్లికి ఆ రోజు మేము ప్రార్థన తప్ప ఏమీ ఇవ్వలేకపోయాము. యంత్రం ఇవ్వలేని చీటీని సంఘం ఇవ్వగలదు. ఆ చీటీ కాగితం కాదు, ఆ ఇంటి గడప తొక్కి, ఆ బిడ్డను మా బిడ్డ అని చెప్పడమే.

పుట్టుగుడ్డివానిని చూచి కారణం అడిగేవారివలె గాక, అతని కొరకు బురద కలిపిన చేతులవలె ప్రభువు మనలను వాడుకొనును గాక. ఆమేన్.